అంచు మీద పేరు

"ఎవలు చెరిపిండ్రు?"

హాల్లోంచి వచ్చిన రక్షిత గొంతుకు, వంటింట్లో రవ్వ వేయిస్తున్న శకుంతల చేతిలో గరిటె ఆగిపోయింది.

"అమ్మా! నిన్నే. ఒకసారి ఇటు రా."

పొయ్యి తగ్గించాలని తోచలేదు ఆమెకు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చి అక్కడే నిలబడింది. హాల్లో అడుగు పెట్టే జాగా లేదు. నేల మీద రెండు దుప్పట్లు పరిచి, వాటి మీద తొమ్మిది అచ్చుబొమ్మలు వరసగా పెట్టి ఉన్నాయి. నలుపు, ఇటుక ఎరుపు, అక్కడక్కడా పసుపు చీలికలు. చెట్టు కాదు, పుట్ట కాదు, మనిషి కాదు, దేవుడు అసలే కాదు. ఉత్త ఆకారాలు.

ఇంకో గంటలో ట్రాలీ బండి వస్తుంది. జనగామ నుంచి భూపాలపల్లికి నాలుగు గంటల దారి. అక్కడ గనుల కాలనీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రానికల్లా ఇవి గోడకెక్కాలి. రేపు పొద్దున పదింటికి ప్రదర్శన.

ప్రతి బొమ్మ కిందా నాలుగు వేళ్ల తెల్లటి అంచు. ఎడమ పక్కన పెన్సిల్‌తో రాసిన రక్షిత పేరు ఉంది. కుడి పక్కన, ఆమెతో కలిసి ఈ బొమ్మలు చేసిన నరేశ్ పేరు ఉండాలి.

లేదు.

"ఒక్కదాని మీద గుడ లేదు. చూడు, రబ్బరు పెట్టి రుద్దిండ్రు. కాగితం పొట్టు లేచింది," అంది రక్షిత. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో అంచునూ వేలితో తడుముతోంది.

శకుంతల వంగి చూసింది. చూడాల్సిన అవసరం ఆమెకు లేదు. రుద్దింది ఆమే.

మంగళవారం నాడు ఆడబిడ్డ యాకమ్మ భూపాలపల్లి నుంచి వీడియో కాల్ చేసింది. శకుంతల మురిసిపోతూ ఫోన్ తిప్పి బొమ్మలన్నీ చూపించింది. యాకమ్మ బొమ్మల్ని చూడలేదు, అంచుల్ని చూసింది. "ఇటు రక్షిత, అటు నరేశ్. గిదేందే శకుంతలా, పెండ్లి పత్రిక లెక్క? ఎవలీ నరేశ్, మానుకోట తండా పిలగాడేనా?" అని నవ్వింది. ఆ నవ్వు శకుంతల గుండెలో తుమ్మముల్లులా దిగింది.

దానికి తోడు హైదరాబాద్ సంగతొకటి. రేపు ప్రదర్శన చూడటానికి వచ్చే మాస్టారు, పని నచ్చితే బొమ్మలు చేసిన ఇద్దరినీ ఏడాది పాటు తన స్టూడియోలో పెట్టుకుని నేర్పిస్తానన్నాడు. ఇద్దరినీ. ఏడాది పాటు. రాత్రంతా ఆ మాటలే తిరిగాయి తలలో. ఒక పేరు లేకపోతే ఇద్దరు కాస్తా ఒక్కరవుతారు కదా అనిపించింది. మొన్న బుధవారం మధ్యాహ్నం రక్షిత ఫ్రేముల దుకాణానికి పోయినప్పుడు, బల్ల మీద రబ్బరు కనిపించింది. తొమ్మిది పేర్లు చెరపడానికి పావుగంట కూడా పట్టలేదు.

"మాట్లాడవేందే?" అన్నాడు సోమనర్సయ్య. గడ్డం సబ్బు నురగతోనే బాత్రూంలోంచి బయటికి వచ్చాడు. మార్కెట్ యార్డులో గుమస్తా. బిడ్డ పని మీద ఈ రెండు రోజులు సెలవు పెట్టాడు. "ఇంట్ల ఉండేది నువ్వు. ఎవలన్న వచ్చిండ్రా?"

"నాకేమెరుక? నేను వంటింట్ల ఉంట."

"పేరే గద పోయింది. మల్ల రాస్తే అయిపాయె. లేకుంటే ఇంకో అచ్చు గుద్దుండ్రి."

రక్షిత తండ్రి వైపు చూసిన చూపుకు ఆయన నురగ తుడుచుకున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె బాపూ? ఒకటే చెక్క. ముందుగల్ల పసుపు అద్దుతం. అద్దినంక అదే చెక్కను ఇంకింత చెక్కుతం, దాని మీద ఎరుపు. మల్ల చెక్కుతం, మల్ల నలుపు. ఆఖరుకు చెక్కల ఏం మిగలది. వెనక్కి పోయే తోవ లేదు. ఈ తొమ్మిది పోతే తొమ్మిది పోయినట్టే."

"సరే, పేరన్న రాయి."

"ఆయన పేరు నేను రాయొద్దు. ఎవల పేరు వాళ్లే రాయాలె. అది లెక్క." రక్షిత మళ్లీ అంచు వైపు చూసింది. "చెరిపింది గుడ ఆయనే అయితే ఏం జేయాలె?"

శకుంతలకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

మూల మంచంలో పడుకున్న అత్త బుచ్చమ్మ దగ్గింది. "ఎవలే, ఆ బక్కపల్చటి పిలగాడా? ఆయన ఎందుకు చెరుపుకుంటడు తన పేరు?"

"నిన్న వచ్చిండు కదా నాయినమ్మా, నేను లేనప్పుడు. బొమ్మల మీద కప్పుడు కాగితాలు పెట్టి పోయిండు. అర్ధగంట కూసున్నడు ఒక్కడే. పోయిన వారం నలుపు కాడ మాకు లొల్లి అయింది. నేను నలుపంటే నలుపే ఉండాలె అన్న. ఆయన నీలం కలిపిండు. 'నా మాట ఇననప్పుడు నా పేరెందుకు' అన్నడు. గిదేనన్నమాట."

రక్షిత ఫోన్ అందుకుంది. శకుంతల ఆ చేతి వైపే చూసింది. వద్దనాలి. ఇప్పుడే అనాలి. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

"నరేశ్, నిన్న నువ్వొచ్చినప్పుడు బొమ్మల మీద పేరు చూసినవా?" అని అడిగింది రక్షిత. అవతల ఏమన్నాడో ఆమె ముఖం ఎర్రబడింది. "మరి చూసి నాకెందుకు చెప్పలే? ... ఏంది, నాకే తెలియాల్నా? నీ పేరు నువ్వు తీసుకొని నన్నడుగుతున్నవా? ... ముఖం మీద అనొచ్చు కదా, నీతోని చెయ్యను అని? రబ్బరు పట్టుకొని దొంగతనంగ ..."

ఆగింది. చాలాసేపు విన్నది. ఫోన్ చెవి దగ్గర్నుంచి దించి దానివైపే చూస్తూ కూర్చుంది.

"ఏమన్నడే?" అన్నాడు సోమనర్సయ్య.

"'అట్లనే అనుకో' అన్నడు. పెట్టేసిండు."

"పదో బొమ్మ?"

"ఆయన దగ్గరనే ఉన్నది. ఆఖరు రంగు వేసి సీదా భూపాలపల్లికి తెస్తనన్నడు. ఇగ తేడు." ముక్కు గట్టిగా ఎగబీల్చింది. "తేకున్నా మంచిదే. గోడ మీద ఒక జాగ ఖాళీగ ఉంటది, అంతే."

అప్పుడు అందరికీ తెలిసింది ఇల్లంతా పొగ అని. రవ్వ నల్లగా మాడిపోయింది.

*

ట్రాలీ బండి వచ్చింది. బొమ్మల్ని అట్టల మధ్య పెట్టి, దుప్పట్లు చుట్టి, తండ్రీ బిడ్డా వెళ్లిపోయారు. తిండి తినలేదు ఇద్దరూ. బండి మూల తిరిగేదాకా శకుంతల గేటు దగ్గరే నిలబడింది. బండి బోల్తా పడినట్టూ, వాన కొట్టి కాగితాలన్నీ తడిసినట్టూ, డ్రైవర్ నిద్రపోయినట్టూ వరసగా మూడు అపాయాలు కళ్ల ముందు కదిలాయి. ఆమెకు అది అలవాటే. ఆ బొమ్మల్లో కూడా ఆమెకు అపాయాలే కనిపించేవి. మొదటిది మూత లేని బావి. నాలుగోది రైలుపట్టాలు. ఏడోది చూస్తే తలుపు బయట గొళ్లెం పెట్టిన గది. రక్షితతో ఒకసారి అంటే, "అండ్ల ఏం లేదమ్మా. నలుపు, దాని పక్కకు ఎరుపు. అంతే చూడు," అంది. అంతే చూడటం శకుంతలకు చేతకాలేదు.

లోపలికి వచ్చింది. బుచ్చమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"గిన్నె తోముతవా, ఇడిసిపెడతవా?"

"నానేసిన అత్తమ్మా."

"మాడింది నానేస్తె పోతదా?"

శకుంతల చీపురు తీసుకుని ఊడ్చిన హాలునే మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

"కోడలా," అంది బుచ్చమ్మ తాపీగా, "నువ్వు రబ్బరు పట్టుకొని కూసున్ననాడు నేనీ మంచంలనే ఉన్న. నాకు కండ్లు ఆనవనుకున్నవేమో. దగ్గరివే ఆనవు. దూరంవి సూది మొన దాకా కనపడుతయి."

చీపురు ఆగింది.

"మరి పొద్దున ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవేమోనని చూసిన. నీ బిడ్డ ఆ పిలగాన్ని తిడుతాంటే ఉప్పుబొమ్మ లెక్క నిలవడ్డవు."

"నా బాధ నీకేమెరుక అత్తమ్మా? రేపు ఇద్దరు పట్నం పోతే? ఏడాది ఒక్క కాడ ఉంటే? ఏమన్నయితే మంది నన్నంటరా, నిన్నంటరా? తల్లినే అంటరు."

"మంది ఏమన్న అంటరు. నేను నెల్లికుదురు నుంచి ఈ ఇంటికొచ్చిన కొత్తల, పొడుగున్ననని నన్ను తాటిచెట్టు అన్నరు. సచ్చిపోయిన్నా?" బుచ్చమ్మ నోరు తుడుచుకుంది. "ఇప్పుడు నీకు కావల్సిందే అయింది గద. వాళ్లకు వాళ్లకు చెడింది. మరి సంబురపడు. ఎందుకు ఊడ్చిందే ఊడుస్తున్నవు?"

శకుంతల గోడకు ఆనుకుని కూలబడింది. నిజమే. తాను ఏది కోరుకుందో అది కాలు కదపకుండా జరిగిపోయింది. మాట్లాడకుండా ఊరుకుంటే చాలు. రక్షిత ఒక్కతే పట్నం పోతుంది. ఆ పిల్లవాడు పెండ్లి పత్రికల ప్రెస్సులో మిగిలిపోతాడు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

నిన్న ఆ పిల్లవాడు ఈ హాల్లోనే కూర్చున్నాడు. తాను చాయ ఇచ్చింది. అప్పటికే పేర్లు లేవు. అతను ఒక్కో బొమ్మ మీదా పల్చటి కాగితం కప్పుకుంటూ పోతూ, మూడో దాని దగ్గర ఆగిపోవడం వంటింట్లోంచి చూసింది. ఆ తర్వాత కూడా అతని చేతులు తొందరపడలేదు. తొమ్మిదీ కప్పాడు. చాయ సగమే తాగి, "పోతున్ననమ్మా," అని వెళ్లిపోయాడు. ఒక్క మాట అడగలేదు.

"పదింటికి రైలున్నది," అంది బుచ్చమ్మ. "నెల్లికుదురుల మా చెల్లెకు పానం బాగలేదని చెప్పు నీ మొగనికి. మానుకోటల దిగు."

"నేనొక్కదాన్నా? రైల్ల?"

"మరి రైలు నిన్నొక్కదాన్నే ఎక్కించుకోదు తియ్యి. ఇంకింతమంది ఉంటరు."

*

మానుకోటలో దిగేసరికి పన్నెండున్నర. కాళ్లు ఇంకా రైల్లో ఉన్నట్టే ఊగుతున్నాయి. దారి పొడుగునా తలుపు దగ్గర నిలబడ్డవాళ్లను "లోపలికి రా బిడ్డా, పడతవ్" అని పిలుస్తూనే వచ్చింది. ఆటోవాడికి ప్రెస్సు పేరు తెలియదు. "పెండ్లి పత్రికలు గుద్దే కాడ" అంటే తీసుకెళ్లి దింపాడు.

ముందు దుకాణం. వెనక రేకుల గది. ఆ గదిలో నరేశ్ నిలబడి, గాజుపలక మీద రంగును రోలర్‌తో సాగదీస్తున్నాడు. గుమ్మం పక్కన చాప మీద ఒక ముసలామె కూర్చుని సద్ది డబ్బా విప్పుతోంది. తల్లి చాందీ. తండా నుంచి కొడుక్కు అన్నం తెచ్చినట్టుంది.

శకుంతలను చూసి నరేశ్ చేతిలో రోలర్ ఆగింది. ఆశ్చర్యం కంటే ముందు అతని ముఖంలో భయం వచ్చింది.

"రక్షితకు ఏమన్నయిందా అమ్మా?"

ఆ అడిగిన తీరు శకుంతలను గుచ్చింది. పొద్దున తిట్లు తిన్నవాడు అడిగే మాట కాదది.

"ఏం కాలే. మంచిగనే ఉన్నది. భూపాలపల్లి పోయిండ్రు."

"అయితే కూసోండ్రి. ఒక్క ఐదు నిమిషాలు. రంగు ఆరిపోతది."

బల్ల మీద పదో బొమ్మ ఉంది. ఒక పక్కకు ఒరిగిన నల్లటి ఆకారం, వెనకంతా ఇటుక ఎరుపు. ఎప్పటిలాగే శకుంతలకు ముందు అపాయమే కనపడింది: బోర్లా పడ్డ మనిషి. నెత్తురు. కళ్లు తిప్పుకుంది.

"నలుపుల నలుపొక్కటే ఏస్తె రంధ్రమైతదమ్మా," అన్నాడు నరేశ్, ఎవరో అడిగినట్టు. చెక్కకు రంగు పట్టిస్తూనే మాట్లాడుతున్నాడు. "చూపు అండ్ల పడిపోతది. జర నీలం కలిపితే నిలబడుతది. గీ మాట మీదనే మాకు లొల్లి. ఆకారం రక్షితది. అట్ల కోయడం నాతోని కాదు. నాకు రంగొక్కటే ఎరుక."

"పేరు లేకపాయె కదా. మరి ఎందుకు చేస్తున్నవు?"

"సగంల ఇడిసిపెడితే చెక్క ఏడుస్తదమ్మా."

చాందీ నవ్వింది. "చిన్నప్పటి సంది గంతే అక్కా. అన్నం సగంల ఇడుస్తడు, పని ఇడువడు."

నరేశ్ కాగితాన్ని రెండు కొసలా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చెక్క మీద పరిచాడు. ప్రెస్సు చక్రం తిప్పాడు. కాగితాన్ని మూల నుంచి మెల్లగా లేపుతుంటే అంటుకున్న తడి చప్పుడైంది.

పల్చటి నీలిబూడిద రంగు ఒకటి కింది సగమంతా పరుచుకుంది. ఎరుపు మీద పడ్డ చోట వంకాయ రంగైంది. పసుపు చీలిక దగ్గర ఆకుపచ్చగా తిరిగింది. నల్లటి ఆకారం ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డట్టయింది. శకుంతల పడిపోయిన మనిషి కోసం వెతికింది. లేడు. నెత్తురూ లేదు. నలుపు ఉంది, దాని పక్కన ఎరుపు ఉంది, వాటి మధ్య ఏదో సర్దుబాటు ఉంది. చాలాసేపు చూసింది. భయపడటానికి అందులో ఏమీ దొరకలేదు.

బొమ్మ కింద తెల్లటి అంచు రెండు పక్కలా ఖాళీగా ఉంది.

"నేనే," అంది శకుంతల.

నరేశ్ తల తిప్పాడు.

"నీ పేరు చెరిపింది నేనే కొడుకా. రక్షితకు తెల్వది. నువ్వే చెరుపుకున్నవని అనుకుంటాంది ఆ పిల్ల."

నరేశ్ బొమ్మను తీసి తీగకు తగిలించాడు. క్లిప్పు పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"నేను నిన్ననే చూసిన," అన్నాడు. "రక్షిత చెరిపిందనుకున్న."

అంతే అన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది శకుంతలకు. అడగకపోవడంలోనే అతనికి కారణం తెలుసని తెలిసిపోతోంది.

చాందీ లేచి, స్టవ్ మీది చాయ స్టీలు గ్లాసులో పోసి, శకుంతల చేతికిచ్చింది. "కాలుతది, కొంగుతోని పట్టుకో అక్కా. మా కాడ గిలాసలే ఉన్నయి. కాగితం కప్పులు లేవు."

"యాడీ!" అన్నాడు నరేశ్ గట్టిగా, తల్లిని ఆపుతూ.

"ఏమన్న? ఉన్నదే అన్న."

రోజూ సోమనర్సయ్యకు స్టీలు గ్లాసులో చాయ పోసి, నిన్న ఈ పిల్లవాడికి మాత్రం అలమరలోంచి కాగితం కప్పు తీసిన తన చెయ్యి గుర్తొచ్చింది శకుంతలకు. అది ఆలోచించి చేసిన పని కూడా కాదు. చెయ్యే చేసింది. గ్లాసు వేళ్లను కాల్చేస్తున్నా కింద పెట్టలేకపోయింది.

"రక్షితకు ఫోన్ చెయ్యండ్రి," అన్నాడు నరేశ్. "నాకు చెప్పింది ఆమెకు చెప్పుండ్రి. అంతే."

ఆమె ఫోన్ మాట్లాడితే స్పీకర్ పెట్టుకునే మాట్లాడుతుంది. చెవికి పెట్టుకుంటే ఏమీ వినపడదు. నంబర్ నొక్కింది. ఎత్తింది మాత్రం యాకమ్మ.

"శకుంతలా! ఏం పిల్లనే నీ పిల్ల? వచ్చినకాడి నుంచి మాట లేదు, ముచ్చట లేదు. నా తమ్ముడు హాలు కాడ మేకులు కొట్టిస్తుండు. ఇది అన్నం తినమంటే తినది. గదిల తలుపేసుకొని కూసున్నది. బ్లేడు అడిగి తీసుకొని పోయింది."

"బ్లేడా?"

గ్లాసు చేతిలోంచి జారింది. చాయ చాప మీద పరుచుకుంది.

"వదినే, తలుపు కొట్టు! తలుపు పగలగొట్టు! నా బిడ్డ ... అయ్యో నా బిడ్డ ..."

నరేశ్ రెండంగల్లో వచ్చి ఫోన్ దగ్గర నిలబడ్డాడు. అవతల తలుపు దబదబా బాదిన చప్పుడు. గొళ్లెం తీసిన చప్పుడు. ఆ తర్వాత రక్షిత గొంతు, చిరాగ్గా: "ఏందత్తా, ఇల్లు కూలగొడ్తవా? ... అమ్మా, నువ్వేనా? ఎందుకు అరుస్తున్నవు?"

"బ్లేడు ... బ్లేడెందుకు బిడ్డా?"

"కోయనీకి."

"ఏం కోసినవు? చెయ్యి మంచిగున్నదా? చెప్పు తల్లీ!"

"చెయ్యి కాదమ్మా. అంచులు." రక్షిత అలసిపోయినట్టు మాట్లాడింది. "తొమ్మిదిటికీ కింది అంచు కోసేసిన. రంగు కాడికి సమానంగ. ఆయన పేరు లేని కాడ నా పేరెందుకు? ఇప్పుడు ఇద్దరియీ లేవు. రేపు మాస్టారు అడిగితే ఎవలియో తెల్వదని చెప్తా."

శకుంతల నరేశ్ ముఖం వైపు చూసింది. అతను తీగ మీద ఆరుతున్న బొమ్మను చూస్తున్నాడు. దాని కింది అంచును. తొమ్మిదింటి మీద ఇక అతను కావాలన్నా పేరు రాయడానికి చోటు లేదు.

"మల్ల అతకరాదా బిడ్డా?" అంది శకుంతల. ఆ మాట ఎంత తెలివితక్కువదో నోట్లోంచి వచ్చాక తెలిసింది.

"అమ్మా, నాకు పనున్నది. పెట్టేస్తున్న."

"పెట్టకు! పెట్టకు రక్షితా. ఆ పేరు నరేశ్ చెరపలే. నేను చెరిపిన. బుధవారం నాడు. నీ బల్ల మీది రబ్బరుతోని."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది, ఎక్కడో భూపాలపల్లి క్వార్టర్‌లో. "ఏమంటుందే మీయమ్మ?" అని యాకమ్మ గొంతు దూరంగా వచ్చి ఆగిపోయింది.

"నువ్వా?" అంది రక్షిత చివరికి.

"నేనే."

"పొద్దున నేను ఆయన్ని తిడుతాంటే నువ్వు అక్కడనే నిలవడ్డవు."

"నిలవడ్డ."

"ఎందుకు చెరిపినవు?"

చాప మీద చాయ తుడుస్తున్న చాందీ చెయ్యి ఆపలేదు. కానీ తల ఎత్తింది.

మరక పడిందనుకుని తుడిచానని చెప్పొచ్చు. అవతల ఉన్న యాకమ్మ మీదికి నెట్టేయొచ్చు. అందులో సగం నిజం కూడా ఉంది. రెండు మాటలూ నాలుక దాకా వచ్చాయి. నరేశ్ అక్కడే నిలబడి ఉన్నాడు. అతని చేతి గోళ్లలో నీలం రంగు ఉంది.

"తండా పిలగాని పేరు నీ పేరు పక్కకు ఉంటే మంది ఏమంటరోనని," అంది శకుంతల. "మీరిద్దరు ఏడాది పట్నంల ఒక్క కాడ ఉంటే ఏమైతదోనని. భయమై చెరిపిన."

చాందీ గుడ్డను బకెట్టులో పిండింది. నరేశ్ తీగ మీంచి బొమ్మను దించాడు. తడి ఆరిందో లేదో మూలన వేలితో చూసి, పల్చటి కాగితం కప్పి, రెండు అట్టల మధ్య పెట్టి, పురికొసతో నాలుగు వైపులా కట్టాడు. తెచ్చి శకుంతల ఒళ్లో పెట్టాడు.

"రెండున్నరకు బస్సున్నది. హన్మకొండల మారాలె. వంచకుండ్రి, మీద ఏం పెట్టకుండ్రి."

"పేరు రాయలే నువ్వు."

అతను విననట్టే గది మూలన నల్లా దగ్గరికి వెళ్లి, సబ్బు తీసుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. నీళ్లు సిమెంటు మీద పెద్దగా చప్పుడు చేస్తూ పడుతున్నాయి.

"ఎక్కడున్నవమ్మా నువ్వు?" అంది ఫోన్లో రక్షిత.

"మానుకోటల. నరేశ్ గదిల. పదో బొమ్మ నా ఒళ్లో ఉన్నది."

అవతల ఒక ఊపిరి విరిగి, మళ్లీ సర్దుకున్నట్టు వినపడింది.

"దాని కింద అంచు ఉన్నదా?"

"ఉన్నది."

"ఆయన విన్నడా, నువ్వు ఇప్పుడు చెప్పింది?"

"ఇన్నడు. వాళ్లమ్మ గుడ ఇన్నది."

"అమ్మా." రక్షిత గొంతు చిన్నపిల్ల గొంతైంది. "నరేశ్ వస్తడా?"

శకుంతల అతని వీపు వైపు చూసింది. మెడ వంచి, గోళ్లలోని నీలాన్ని ఒక్కొక్కటిగా రుద్దుతున్నాడు. వస్తాడని చెప్పాలని ఉంది. రాడని చెప్పాలని కూడా ఉంది. ఒళ్లో అట్టల కట్టను రెండు చేతులా పట్టుకుని, ఏ మాట వినపడాలని దేవుణ్ని మొక్కుతోందో తనకే తెలియకుండా మొక్కుతూ కూర్చుంది.

నల్లా చప్పుడు ఆగింది.